ఈబర్ పాజిటివ్ అని వచ్చింది. లివర్ ముక్క ఇచ్చింది నేనే

చిన్నోడి అమ్మ:

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. నిద్ర పట్టక మొదలుపెట్టాను, పొడుగైతే ఏమనుకోకండి.

మావాడికి ఏడేళ్ళు. బిలియరీ అట్రీసియాతో పుట్టాడు, అంటే లివర్ నుంచి పసరు దిగే నాళాలు మూసుకుపోయి. యాభై ఎనిమిదో రోజున పసరుకి దారి చేసే కసాయ్ ఆపరేషన్ చేశారు గానీ కామెర్లు దిగలేదు. పద్నాలుగో నెలలో లివర్ మార్చారు. ఇచ్చింది నేనే, ఎడమవైపు ముక్క. అప్పట్నుంచీ ఒళ్ళు ఆ లివర్‌ని తిప్పికొట్టకుండా ఆపే మందు, టాక్రోలిమస్, పొద్దున ఎనిమిదికీ, రాత్రి ఎనిమిదికీ. అలారం మోగకముందే వాడే వచ్చి చెయ్యి చాపుతాడు. మధ్యలో ఒకసారి రిజెక్షన్ వస్తే స్టెరాయిడ్లు ఎక్కించి టాక్రో డోసు పెంచారు. అది తప్ప బాగానే గడిచింది.

పోయిన నెల మామూలు చెకప్‌లో అల్ట్రాసౌండ్ తీస్తున్న అమ్మాయి వాడితో ఏదో కబుర్లు చెబుతూ చెబుతూ టక్కున ఆగిపోయింది. అక్కడే అర్థమైంది నాకు. లివర్‌లో 2.3 సెంటీమీటర్ల గడ్డ. సీటీ తీస్తే లివర్‌లోనే ఇంకోటి, 1.1. ఎడమ ఊపిరితిత్తి అడుగున 8 మిల్లీమీటర్లది ఒకటి. అందరూ పీటీఎల్‌డీ అయ్యుంటుందన్నారు, అదే, ట్రాన్స్‌ప్లాంట్ పిల్లల్లో వచ్చే లింఫోమా లాంటిది. దానికి మందుంది, భయపడకండి అన్నారు. నేనూ దానికే మనసు గట్టి చేసుకున్నాను. బయాప్సీ వచ్చాక అది కాదన్నారు. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: స్పిండిల్ సెల్ ట్యూమర్, స్మూత్ మజిల్ యాక్టిన్ పాజిటివ్, సీడీ20 నెగటివ్, ఈబర్ పాజిటివ్. కింద: ఈబీవీ అసోసియేటెడ్ స్మూత్ మజిల్ ట్యూమర్. అంటే ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్‌తో ముడిపడ్డ కండరపు గడ్డట. మా డాక్టరుగారు తన సర్వీసులో ఇది రెండోసారి చూడటమట. వచ్చే వారం నలుగురు డాక్టర్లు కూర్చుని మాట్లాడతారట.

మూడు చోట్ల ఉందంటే పాకేసినట్టేనా? పక్క మంచంలో పాపకి రిటుక్సిమాబ్ ఇస్తే నెలలో గడ్డలు కరిగాయి, మావాడికి ఎందుకు పనికిరాదంటున్నారు?

ఇంకొకటి. ఇది మా ఆయన్ని కూడా అడగలేదు. పాత ఫైలు తీసి చూశాను. ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందు ఈబీవీ టెస్టులో నాది పాజిటివ్, వాడిది నెగటివ్. అంటే ఆ వైరస్ నా ముక్కలోనే వెళ్ళిందా? ఈ గడ్డ నా లివర్‌లోంచి పుట్టిందా?

ధైర్యం సార్:

అమ్మా, బాధపడకండి. మా బంధువుల అబ్బాయికి కూడా గడ్డ ఉంటే ఇమ్యూనిటీ పెంచే పొడి ఒకటి మూడు నెలలు వాడారు, పూర్తిగా పోయింది. మూలం రోగనిరోధక శక్తి తగ్గడమే కదా, దాన్ని పెంచితే సరి. వివరాలు కావాలంటే మెసేజ్ పెట్టండి.

ఎర్ర ఫైలు:

ధైర్యం సార్, మంచి మనసుతో రాశారనుకుని మర్యాదగా చెప్తున్నా. ఈ పిల్లాడి ఇమ్యూనిటీ తగ్గించి ఉంచారు కాబట్టే అమ్మ ఇచ్చిన లివర్ ఆరేళ్ళుగా నిలిచి ఉంది. దాన్ని ఎడాపెడా పెంచితే ముందు దెబ్బ తినేది ఆ లివరే. పైగా ఆకుల పొడులూ పసర్లూ టాక్రో లెవెల్‌ని ఎటు తోస్తాయో ఎవరికీ తెలీదు. చెల్లెమ్మా, ఆయనకి మెసేజ్ పెట్టకు.

ఇప్పుడు నా సంగతి. మా అమ్మాయికి కిడ్నీ మార్చి ఎనిమిదేళ్ళు. నాలుగేళ్ళ కిందట సరిగ్గా ఇదే పేరు మా రిపోర్టులోనూ వచ్చింది. మూడు గడ్డలు, రెండు లివర్‌లో, ఒకటి పేగు గోడలో. కిడ్నీ మార్చితే గడ్డలు లివర్‌లో ఏమిటని నేను మొత్తుకున్నాను. ఈ జబ్బు తీరే అంత, ఏ అవయవం మార్చారన్నదానితో దీనికి పని లేదు.

పేగుది అడ్డం పడేలా ఉందని దాన్నీ, లివర్‌లో అంచున ఉన్నదాన్నీ తీసేశారు. మూడోది లోపల పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది. సర్జన్ దాని జోలికి పోలేదు. "కత్తి పెడితే ఇప్పుడు లేని ప్రమాదం తెచ్చుకున్నట్టు" అన్నాడు. ఆ రోజు ఆయన చేతకానివాడనుకున్నా. ఇప్పుడు ఆయనకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. టాక్రో తగ్గించి సిరోలిమస్ అనే ఇంకో మందు మొదలుపెట్టారు. మూడోది ఏడాదిన్నరలో సగానికి సగం తగ్గి, అక్కడే ఆగిపోయింది. పోలేదు, పెరగనూ లేదు. ఆరు నెలలకోసారి ఎంఆర్ఐ. దానికి మా అమ్మాయి "మన అద్దెవాడు" అని పేరు పెట్టింది.

సిరోలిమస్ ఇస్తామంటే ముందే తెలిసి ఉండాల్సినవి చెప్తా, మాకు ఇవన్నీ తగిలాకే తెలిశాయి. లెవెల్ కోసం రక్తం ఇచ్చేది మందు వేసుకోకముందే. ఒకసారి అలవాటుకొద్దీ వేసేసి వెళ్ళాం, లెవెల్ ఆకాశానికి అంటింది, కంగారుపడి డోసు తగ్గించారు. నోట్లో పుళ్ళు వస్తాయి, నాలుక అంచున తెల్లటి గుంటల్లా. మొదటి రెండు నెలలూ నరకం. ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. మూత్రంలో ప్రోటీన్ చూస్తూ ఉంటారు. దెబ్బ తగిలితే మానడం ఆలస్యం, అందుకే ఏ ఆపరేషన్ ఉన్నా, పన్ను పీకాలన్నా సరే, ముందే చెప్పాలి. పొడి దగ్గు, ఆయాసం వస్తే జలుబే కదా అని ఊరుకోకూడదు, అరుదుగా ఆ మందే ఊపిరితిత్తుల్ని వాచేలా చేస్తుంది. లివర్ ఎంజైములు మొదట్లో వారం వారం చేయించండి. టాక్రో తగ్గిస్తున్నారంటే రిజెక్షన్ తలుపు కొంచెం తెరుచుకున్నట్టే కదా.

డాక్టర్లు కూర్చునేలోపు నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. బయాప్సీ చేసిన చోట నుంచి స్లైడ్లూ, గడ్డ ముక్కని మైనంలో పెట్టి దాచే బ్లాకూ రాతపూర్వకంగా అడిగి తీసుకో. రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదు. రెండో అభిప్రాయం అడిగితే అందరూ మొదట అడిగేది బ్లాకే.

నీ చివరి ప్రశ్నకి జవాబు చెప్పే చదువు నాకు లేదు. మా అమ్మాయికి కిడ్నీ ఇచ్చింది మా అన్నయ్య. వాడూ ఇదే అడిగాడు.

స్లైడ్ల తాత:

ముప్పై నాలుగేళ్ళు పాథాలజీలో ఉండి రిటైరయ్యాను. వైద్యం చేసేది మీ డాక్టర్లు, నేను గాజుపలక మీద కనపడేదే చెప్పగలను. అమ్మా, నీ ప్రశ్నల్లో రెండు తేలిక, ఒకటి బరువు.

పాకిందా అన్నావు. మామూలు క్యాన్సర్‌లో మూడు చోట్ల ఉందంటే, ఒకచోట పుట్టి రక్తంలో పడి వేరేచోట మొలిచిందని అర్థం. ఇక్కడ చాలాసార్లు అలా కాదు. ఈ వైరస్ మనిషిలోని ఒక కండర కణంలో దూరి దాన్ని పెంచుతుంది. ఇంకోచోట ఇంకో కణంలో విడిగా దూరుతుంది. ఒకే పిల్లాడిలోని రెండు గడ్డల్లో వైరస్ జన్యువు చివరి ముక్కల్ని పోల్చి చూస్తే, ఏ గడ్డకి ఆ గడ్డ వేరుగా మొదలైనట్టు తేలింది. ఒక విత్తనం గాలికి ఎగిరి పడినట్టు కాదు, మూడు గుంటల్లో మూడు విత్తనాలు వేసినట్టు. కాబట్టి "మూడు చోట్ల" అన్నదాన్ని "నాలుగో స్టేజి" అని చదువుకోవద్దు. మైక్రోస్కోపులో కణం ఎంత వికారంగా కనపడుతోందనేదాన్ని బట్టి కూడా దీని నడక చెప్పలేం, మా వృత్తికే చిన్నతనంగా ఉంటుంది గానీ నిజం. గడ్డ ఎక్కడ కూర్చుంది, పిల్లాడి రక్షణ కణాలు ఎంత కోలుకుంటాయి, ఈ రెండే ఎక్కువ తేలుస్తాయి.

రిటుక్సిమాబ్ సీడీ20 అనే గుర్తున్న కణాలనే పట్టుకుంటుంది. ఆ గుర్తు బీ లింఫోసైట్ల మీద ఉంటుంది. పక్క మంచం పాపకి పెరిగింది బీ లింఫోసైట్లు. మీవాడికి పెరిగింది నునుపు కండరం, అంటే రక్తనాళాల గోడల్లోనూ, పేగుల్లోనూ ఉండే కండరం. నీ రిపోర్టులో సీడీ20 నెగటివ్ అని రాసింది అందుకే. వైరస్ ఒకటే, అది ఎక్కిన బండి వేరు. ఎవరైనా వైరస్‌కి వాడే అసైక్లోవిర్ ఇవ్వొచ్చు కదా అంటారేమో. ఆ మందు పని మొదలవ్వాలంటే వైరస్ తన సొంత ఎంజైమ్ ఒకటి తయారుచేయాలి. గడ్డలో వైరస్ నిద్రపోతూ ఉంటుంది, ఆ ఎంజైమ్ తయారుచేయదు. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే ఈబీవీ పీసీఆర్ అంకె తగ్గింది కదా అని గడ్డ తగ్గిందనుకోవద్దు, రెండూ జంటగా నడవవు.

ఈబర్ అంటే ఏమిటో చెప్పి ముందుకెళ్తా. నిద్రపోతున్న వైరస్ కూడా రెండు చిన్న ఆర్‌ఎన్‌ఏలని మాత్రం గుట్టలుగా తయారుచేస్తుంది, ఒక్కో కణంలో పది లక్షల దాకా. వాటికి అతుక్కునే రంగు వేస్తే కణకేంద్రకం నల్లగా మెరుస్తుంది. గడ్డలో ఇంచుమించు ప్రతి కణం అలా మెరిస్తే ఇక వాదన లేదు.

ఆ రంగు విలువ నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. 1993లో ఎయిడ్స్ ఉన్న ఎనిమిదేళ్ళ పిల్ల పేగులోంచి తీసిన గడ్డ నా బల్ల మీదికి వచ్చింది. లియోమయోమా, అంటే క్యాన్సర్ కాని మామూలు కండరపు గడ్డ, అని రాసి పంపేశాను. ఎనిమిదేళ్ళ పిల్లకి లియోమయోమా ఏమిటి అని ఒక చీటీ మీద రాసుకుని, ఆ చీటీని సొరుగులో పడేశాను. 1995 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో రెండు వ్యాసాలు పక్కపక్కన వచ్చాయి. ఒకటి ఎయిడ్స్ పిల్లల్లో, రెండోది అవయవాలు మార్చినవాళ్ళలో ఈ కండరపు గడ్డల గురించి. రెండింటిలోనూ గడ్డ కణాల్లో ఈబీవీ. ఆ సాయంత్రమే పాత బ్లాక్ వెతికి తీశాను. ఈబర్ చేయించడానికి నాలుగు నెలలు పట్టింది. పలక నిండా నలుపు. ఆ పిల్ల అప్పటికి లేదు, వేరే ఇన్ఫెక్షన్‌తో పోయింది. సరిగ్గా రాసి ఉంటే బతికేదా అంటే, ఆ రోజుల్లో లేదు. కానీ ఆ చీటీ ఇంకా నా దగ్గరే ఉంది.

ముసలాడి చాదస్తం ఇంకొంచెం భరించండి. ఈ వైరస్‌ని ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ ముగ్గురూ 1964లో బయటపెట్టారు. ఉగాండాలో బర్కిట్ అనే సర్జన్ చూసిన పిల్లల దవడ గడ్డల్లోంచి. అదే 1964 చివర్లో కెనడా బృందం ఒకటి ఓడలో ఈస్టర్ ద్వీపానికి వెళ్ళి మట్టి తెచ్చింది. ఆ మట్టిలోని సూక్ష్మజీవిలోంచి వచ్చిందే సిరోలిమస్. ఆ ద్వీపాన్ని అక్కడివాళ్ళు రాపా నూయి అంటారు, అందుకే దాని మొదటి పేరు రాపామైసిన్. దాన్ని వెలికితీసిన సురేన్ సెహగల్, కంపెనీ ఆ పని ఆపేస్తే, ఆ సూక్ష్మజీవిని ఇంటికి తీసుకెళ్ళి ఫ్రీజర్‌లో దాచాడు. దాచకపోతే ఎర్ర ఫైలు వాళ్ళ అద్దెవాడు ఏమయ్యేవాడో. ఈ గడ్డల కణాల్లో పెరగమని చెప్పే ఎంటార్ అనే మీట నొక్కి ఉంటుంది, సిరోలిమస్ సరిగ్గా ఆ మీటనే వదిలిస్తుంది. అదే మందు రిజెక్షన్‌ని కూడా ఆపుతుంది. అందుకే టాక్రో తగ్గించి దీన్ని పెట్టడం.

ఇక బరువైనది. వైరస్ నీ ముక్కతో వెళ్ళి ఉండొచ్చు. అబద్ధం చెప్పను. ఈబీవీ మన రక్తంలోని బీ లింఫోసైట్లలో జీవితాంతం దాక్కుంటుంది, అవయవంతో పాటు అవీ కొన్ని వెళ్తాయి. అయితే పెద్దవాళ్ళలో పది మందిలో తొమ్మిది మందికి పైగా ఇది ఉంటుంది. ఇది లేని దాత కోసం ఆగితే, ఆ వయసులో, ఆ లివర్‌తో, మీవాడు ఆగేవాడు కాదు. ఒకవేళ వైరస్ లేని లివర్ పెట్టినా, ఇది ఉమ్ములో తిరిగేది, ఎంగిలి గ్లాసుతోనో పక్క పిల్లాడి ముద్దుతోనో వచ్చేదే. మందుల మీద ఉన్న పిల్లాడికి ఎప్పుడొచ్చినా మొదటిసారే.

గడ్డ ఎవరి కణాలదన్నది వేరే ప్రశ్న. అవయవం మార్చినవాళ్ళలో ఈ గడ్డలు కొన్ని దాత కణాల నుంచి, కొన్ని పిల్లల సొంత కణాల నుంచి పుట్టినట్టు రెండు రకాలూ చూశారు. మీవాడు మగపిల్లాడు, నువ్వు ఆడమనిషివి కాబట్టి బ్లాక్ మీద ఎక్స్, వై క్రోమోజోములకి ఫిష్ అనే రంగు పరీక్ష చేస్తే తెలిసిపోతుంది. వై కనపడితే వాడివి, రెండు ఎక్స్‌లే కనపడితే నీవి. వైద్యం మాత్రం దాన్నిబట్టి మారదు. అడిగావు కాబట్టి చెప్పాను. చేయించమని నేననను, వద్దనీ అనను.

రెండో అత్త:

తాతగారు ఎయిడ్స్ పాప గురించి రాస్తే ఆగలేక రాస్తున్నా. మా చెల్లి కూతుర్ని నేనే పెంచుతున్నా, పుట్టుకతో హెచ్‌ఐవీ. పదకొండో ఏట తలనొప్పులు, ఒక కన్ను మసక. మెదడు పైపొరని అంటుకుని గడ్డ. మెనింజియోమా, అంటే మెదడు పొరలో పుట్టే మామూలు గడ్డ, అన్నారు. తీశాక ఇదే పేరు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో ఇది మెదడు పొరల్లో, వెన్నులో ఎక్కువట. అప్పటికి పిల్ల ఏడాదిగా హెచ్‌ఐవీ మాత్రలు సరిగా వేసుకోవట్లేదు, పరుపు కింద దాచేది, నాకు తెలీదు. సీడీ4, అంటే రక్షణ కణాల లెక్క, నలభైలో ఉంది. మందులు మార్చి, ఎదురుగా కూర్చుని మింగించి, ఇప్పుడు ఐదొందలు దాటింది. మూడేళ్ళయింది, గడ్డ తిరిగి రాలేదు. మీ వాళ్ళకి రక్షణ తగ్గించేది మందు, మా దానికి తగ్గించేది జబ్బు, అందుకే మాకు సిరోలిమస్ అవసరం పడలేదు.

చిన్నోడి అమ్మ:

మూడు వారాలకి తీరింది రాయడానికి. అందరికీ, ముఖ్యంగా ఎర్ర ఫైలు అక్కకీ, తాతగారికీ.

మీటింగ్ అయింది. బ్లాక్ తీసుకుని వేరేచోట చూపించాం, అదే మాట. ఇప్పుడు ఆపరేషన్ వద్దన్నారు. ఊపిరితిత్తిది చిన్నది, సూది పెట్టలేమన్నారు, స్కాన్‌లో చూస్తూ ఉంటారు. టాక్రో సగం చేశారు. సిరోలిమస్ మొదలై ఇవాళ్టికి పదకొండు రోజులు. మొదటి లెవెల్ 4.6, ఇంకొంచెం పెంచుతారు. ఎంజైములు మొదటి వారం కొద్దిగా పెరిగి, రెండో వారం దిగాయి. ఆ మధ్యలో నాలుగు రోజులు ఎలా గడిచాయో అడగొద్దు. మూడు నెలలకి ఎంఆర్ఐ.

తాతగారూ, మీరు చెప్పిన పరీక్ష గురించి మా డాక్టరమ్మని అడిగాను. బ్లాక్‌లో సరుకు మిగిలింది, కావాలంటే పంపిస్తానంది. ఇంటికొచ్చి మా ఆయనకి అంతా చెప్పేశాను, నేనిక్కడ రాసింది కూడా చూపించాను. ఆయన చాలాసేపు చదివి, "నీవే అని వస్తే ఏం చేస్తావు?" అన్నారు. నాకేం తోచలేదు. "వాడివే అని వస్తే?" అన్నారు. దానికీ తోచలేదు. పంపించొద్దని చెప్పాం. రేపు మనసు మారొచ్చు, బ్లాక్ ఎలాగూ ఉంటుంది.

అక్కా, నిన్నట్నుంచి నోట్లో మొదలయ్యాయి, మీరన్నట్టే నాలుక అంచున. ఏమీ మింగనంటున్నాడు, మాత్రలు వేయించడమే గగనమవుతోంది. మీరేం వాడారు?

ఎర్ర ఫైలు:

మాకు డెక్సామెథసోన్ మౌత్‌వాష్ రాశారు. పుక్కిలించి రెండు నిమిషాలు నోట్లో ఉంచి ఉమ్మేయాలి, మింగకూడదు, తర్వాత గంటసేపు ఏమీ పెట్టకూడదు. మీవాడు పుక్కిలించగలడో లేదో డాక్టర్ని అడుగు, లేకపోతే పుండు మీద రాసే జెల్ ఇస్తారు. బయట దొరికే ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ మాత్రం వాడకు, భగ్గుమంటుంది. బ్రష్ మెత్తటిది, చిన్నపిల్లలది కొను. రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యి, చెకప్ దాకా ఆగొద్దు. మందు వాంతి అయిపోతే మళ్ళీ వేయాలో వద్దో అది కూడా అప్పుడే అడిగి రాసుకో.